పది పాడి ఆవులకు కొట్టం: నేల పోయడం నుంచి పాలు పితికే యంత్రం వరకు

"పది ఆవులతో మొదలుపెడుతున్నాం, షెడ్డు కొలతలు పంపండి" అని అడిగేవారు ఎక్కువయ్యారు. కొలతలు ఒక కాగితం మీద పడతాయి. అయితే ఆ కాగితం పట్టుకుని కట్టిన కొట్టాల్లో కూడా ఆవులు జారి పడుతున్నాయి, వేసవిలో రొప్పుతున్నాయి, పొదుగువాపుతో పాలు పారబోయవలసి వస్తోంది. కారణం చాలావరకు పనుల వరుస తప్పడమే. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ముందు యంత్రం కొంటారు. నేల, గాలి, నీరు దగ్గరకు వచ్చేసరికి డబ్బు అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు పదింటికి. వాతావరణం తెలుగు జిల్లాలదే. గేదెలకైతే స్థలం కొంచెం పెంచుకోవాలి, మిగతా వరుస అంతా ఇదే.

1. ముందు తేల్చుకోవలసింది: కట్టేయడమా, వదిలేయడమా

రోజంతా గొలుసుతో కట్టి ఉంచే పద్ధతిలో స్థలం కలిసివస్తుంది, చాకిరీ పెరుగుతుంది. పేడ ఎత్తడం, నీళ్లు పెట్టడం, కడగడం అన్నీ మనిషి చేతి మీదే నడవాలి. ఒకదానిమీద ఒకటి ఎక్కడం కనిపించదు కాబట్టి ఎదకు వచ్చిన రోజు కూడా దాటిపోతుంది.

నా సలహా మధ్యేమార్గం. పాలు పితికే రెండు పూటలు, దాణా వేసే వేళ మాత్రమే కట్టండి. మిగతా సమయం కొట్టానికి ఆనుకుని కంచె వేసిన ఖాళీ స్థలంలో వదిలేయండి. ఆవు తనకు ఇష్టమైన చోట పడుకుంటుంది, దాహమైనప్పుడు తాగుతుంది. ఇకపై చెప్పే కొలతలన్నీ ఈ పద్ధతికే.

ఒక్కో ఆవుకు కప్పు కింద కనీసం 3.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 38 చదరపు అడుగులు కావాలి. ఖాళీ స్థలం కనీసం 7 చదరపు మీటర్లు, దాదాపు 75 చదరపు అడుగులు. గేదెకు ఈ లెక్క 4, 8 చదరపు మీటర్లు. ఇది కనీసం మాత్రమేనని గుర్తుంచుకోండి. ఖాళీ స్థలం దీనికి రెట్టింపు ఉంటే వానాకాలంలో బురద తగ్గుతుంది.

2. స్థలం, దిశ

మెరక నేల ఎంచుకోండి. వాన పడిన మర్నాడు వెళ్లి చూస్తే నీళ్లు నిలిచే చోటు దానంతట అదే తెలిసిపోతుంది. అలాంటి చోటు తప్ప వేరే స్థలం లేకపోతే, చుట్టూ ఉన్న నేలకంటే కొట్టం నేలను అడుగున్నర నుంచి రెండడుగులు ఎత్తుకు లేపాలి. కోస్తా పల్లపు గ్రామాల్లో ఇంకొంచెం ఎక్కువ.

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. ఉదయం, సాయంత్రం వాలు ఎండ ఇరుకు వైపులకు మాత్రమే తగులుతుంది, ఆవుల వరుస నీడలో ఉంటుంది. మేత నడవ దక్షిణం వైపు, ఖాళీ స్థలం ఉత్తరం వైపు పెట్టుకుంటే ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నం కొట్టం నీడ ఆ ఖాళీ స్థలంలోకి పడుతుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి ఆ నీడ చాలదు. వేప, కానుగ మొక్కలు కొట్టం పునాది తీసిన వారమే నాటండి. మొక్కల చుట్టూ ముళ్లకంప గట్టిగా కట్టకపోతే ఆవులు ఒక్క పూటలో ఆకంతా దూసేస్తాయి.

పశువులు తిరిగే దారి, పాల వ్యాను వచ్చే దారి వేరుగా ఉంచండి. బావికి, బోరుకు దూరంగా, ఇంటివైపు గాలి వీచని దిక్కున పేడగుంత ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

☐ వాన మర్నాడు స్థలం చూశారా?
☐ బోరు నీరు పరీక్ష చేయించారా?
☐ కరెంటు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ఏ వేళల్లో ఉంటుంది?
☐ పచ్చిమేత కోసి తెచ్చే బండి మేత నడవ దాకా రాగలదా?
☐ రేపు మరో పది ఆవులు పెరిగితే కొట్టం పొడిగించేందుకు ఏ వైపు చోటు వదిలారు?

3. సున్నంతో గీత గీయండి

పది ఆవులకు ఒకే వరుస చాలు. పదికి మించితేనే రెండు వరుసలు. మేస్త్రీని పిలిచే ముందు నేల మీద సున్నంతో గీసి, ఆ గీతల్లో ఒక ఆవును నిలబెట్టి చూడండి. కాగితం మీద సరిపోయింది నేల మీద చాలకపోవచ్చు.

దక్షిణం నుంచి ఉత్తరానికి అడ్డంగా వరుస ఇది:

- మేత నడవ: 4 అడుగులు
- మేత తొట్టి: గోడలతో కలిపి రెండున్నర అడుగులు
- ఆవు నిలబడే నేల: ఐదున్నర అడుగులు
- మూత్రం కాలువ: 1 అడుగు
- వెనుక నడవ: 5 అడుగులు

మొత్తం వెడల్పు 18 అడుగులు. ఒక్కో ఆవుకు 4 అడుగుల చొప్పున వరుసకు 40, రాకపోకలకు మరో 4, మొత్తం పొడవు 44 అడుగులు.

ఐదున్నర అడుగులన్నది అందరికీ వర్తించే అంకె కాదు. మీ మందలో మధ్యరకం ఆవు భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక వరకు టేపుతో కొలిచి, దానికి ఒక జానెడు కలపండి. జెర్సీ సంకరానికి ఐదు అడుగుల పైచిలుకు వస్తుంది, పెద్ద హోల్‌స్టీన్ సంకరానికి ఆరుకు దగ్గరగా వెళ్తుంది. నేల పొడవు ఎక్కువైతే ఆవు తాను పడుకునే చోటే పేడ వేస్తుంది, పొదుగంతా మురికవుతుంది. తక్కువైతే వెనుక కాళ్లు కాలువలో పెట్టి నిలబడుతుంది, గిట్టలు నానిపోతాయి.

ఈ గీతలోనే మరో మూడు గదులకు చోటు చూసుకోండి. ఈనబోయే ఆవుకు 12 అడుగులు, 11 అడుగుల గది. దీనికి సిమెంటు నేల వద్దు, ఇసుక మీద వరిగడ్డి పరుపు చాలు. దూడల గదిలో ఒక్కో దూడకు కప్పు కింద కనీసం 1 చదరపు మీటరు, బయట 2 చదరపు మీటర్లు. మూడోది జబ్బు చేసినవాటికి, సంతలో కొత్తగా కొన్నవాటికి. అది ప్రధాన కొట్టానికి దూరంగా, దాని మురుగునీరు ఇటు పారకుండా ఉండాలి. కొత్త ఆవును కనీసం మూడు వారాలు అక్కడే ఉంచండి. గాలికుంటు తరచుగా అలా వచ్చిన ఆవుతోనే మందలోకి అడుగుపెడుతుంది.

4. నేల: అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే

నా మొదటి కొట్టంలో తప్పు ఇక్కడే జరిగింది. మేస్త్రీ ఇంటి గచ్చు పోసినట్టు తాపీతో నున్నగా రుద్ది, పైన సిమెంటు పాలు పోసి మెరిపించాడు. చూడడానికి ముచ్చటగా ఉందని నేనూ ఊరుకున్నాను. రెండో నెలలో, కడిగిన తడి ఆరకముందే, మూడో ఈత ఆవు ఒకటి లేవబోయి వెనుక కాళ్లు రెండూ రెండు పక్కలకు జారి చతికిలబడింది. నలుగురం కలిసి గోనెసంచులు పరిచి, తుంటి కింద తాడు వేసి లేపాం. తొడ కండరాలు చీరుకుపోవడంతో ఆ ఈతంతా అది కుంటుతూనే ఉంది. తర్వాత సుత్తి, ఉలి పట్టుకుని నేలంతా గాట్లు కొట్టించాను. పోసేటప్పుడు అరపూటలో అయ్యే పని అది. గట్టిపడ్డాక వారం పట్టింది.

నేల వరుస ఇలా ఉండాలి:

మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి. దానిమీద 4 నుంచి 6 అంగుళాలు మొరం లేదా రాళ్లు పరిచి మళ్లీ దిమ్మిస చేయండి. ఆపైన ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకరతో 4 అంగుళాల కాంక్రీటు.

వాలు మేత తొట్టి నుంచి కాలువ వైపు 40 అడుగులకు 1 అడుగు లెక్కన ఉండాలి. అంటే ఐదున్నర అడుగుల నేలకు ఒకటిన్నర అంగుళం మాత్రమే. "ఇంకొంచెం వాలు పెడితే నీళ్లు త్వరగా పోతాయి కదా" అని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోవద్దు. వాలు ఎక్కువైతే నిండు చూడి ఆవులకు మెయ్య దిగే (యోని, గర్భసంచి బయటికి జారే) ప్రమాదం పెరుగుతుంది.

కాంక్రీటు పచ్చిగా ఉండగానే వెదురు చీపురుతో అడ్డంగా గీయండి. వెనుక నడవలో అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు గాళ్లు 4 అంగుళాలకు ఒకటి చొప్పున వేయాలి. గాడి అంచులు పదునుగా మిగలకూడదు.

కనీసం పది రోజులు తడపండి. ఆవులను తెచ్చే ముందు మూడు వారాలైనా ఆగండి. కొత్త కాంక్రీటు సున్నపు ఘాటుతోనూ, గరుకు మొనలతోనూ గిట్టల అడుగు కొరికేస్తుంది. ఒక సిమెంటు దిమ్మెను తాడుకు కట్టి నేలంతా ఈడ్చి, రెండు మూడుసార్లు కడిగితే ఆ మొనలు విరిగిపోతాయి.

మూత్రం కాలువ అడుగు వెడల్పు, 2 నుంచి 3 అంగుళాల లోతు, అడుగు భాగం గుండ్రంగా ఉండాలి. పదును మూలలున్న లోతు కాలువలో పేడ ఇరుక్కుంటుంది, ఆవు కాలు మెలికపడుతుంది. మొత్తం పొడవుకు 5 అంగుళాల దిగువ చాలు.

రబ్బరు చాపలు కొనాలా అని చాలామంది అడుగుతారు. కొనాలి, యంత్రం కంటే ముందే కొనాలి. ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకుని ఉండాలి. పడుకున్నప్పుడే నెమరు, పొదుగుకు నెత్తురు ప్రసరణ బాగా జరుగుతాయి. పరీక్ష తేలిక: మీరు ఆ నేల మీద నిలబడి, ఒక్కసారిగా మోకాళ్ల మీద కూర్చోండి. మీకు కలుక్కుమంటే ఆవుకూ అంతే, పైగా దాని బరువు 400 కిలోలకు పైనే.

చాప 17 మిల్లీమీటర్ల మందానికి తగ్గకూడదు, అడుగున గాళ్లు ఉండాలి. వారానికోసారి ఎత్తి కింద కడగండి. చాప కింద చేరిన మూత్రం, పేడ ఈగలకు పుట్టిల్లు. చాప కొనలేకపోతే ఖాళీ స్థలంలో ఒక మూల నీడ కింద అర అడుగు మందాన ఇసుక పోయండి. ఆవులు ఆ ఇసుకనే ఎంచుకోవడం మీరే చూస్తారు.

5. మేత తొట్టి

తొట్టి అడుగు, ఆవు నిలబడే నేల కంటే 4 నుంచి 6 అంగుళాలు ఎత్తులో ఉండాలి. ఆవు వైపు గోడ అడుగున్నర మించకూడదు. మేసేటప్పుడు తల కిందికి వంగాలి, అప్పుడే లాలాజలం బాగా ఊరుతుంది. నడుం ఎత్తు తొట్లు మనిషికి సుఖం, ఆవుకు కాదు.

లోపల మూలలు గుండ్రంగా చేయించి, గ్రానైటు లేదా టైల్సు పరిపించండి. పాతరగడ్డి (పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత, సైలేజీ) పులుపుకు మామూలు సిమెంటు కొన్నేళ్లలో పొడిపొడి అవుతుంది. ఆ గుంతల్లో మిగిలిన దాణా బూజు పడుతుంది. ఒక చివర నీరు పోయే రంధ్రం, దానికి బిరడా మరచిపోవద్దు.

మెడపై అడ్డ పైపు నేల నుంచి 4 అడుగుల ఎత్తున, తొట్టి మీదికి కొద్దిగా జరిపి బిగించండి. నిలువుగా తొట్టి గోడ మీదే బిగిస్తే మెడ ఒరుసుకుని గడ్డలు కడుతుంది.

6. కప్పు, గాలి

కొట్టం అంటే నాలుగు గోడలు అన్న ఆలోచన వదిలేయండి. మన దగ్గర ఆవును చంపేది చలి కాదు, ఉక్క. పొడవు వైపులు రెండూ తెరిచే ఉంచాలి, గోడ కావాలంటే 3 అడుగులు దాటకూడదు.

చూరు దగ్గర ఎత్తు 10 అడుగులు, నడికొప్పు దగ్గర 14 అడుగులు పెట్టండి. రేకు ఖర్చు మిగులుతుందని 7 అడుగులకు కుదించిన కొట్టాల్లో మధ్యాహ్నం మీరే పావుగంట నిలబడలేరు. కొప్పు దగ్గర 6 నుంచి 9 అంగుళాల సందు వదిలి, దానిమీద వాన పడకుండా చిన్న టోపీ కప్పు వేయండి. వేడిగాలి అక్కడి నుంచే వెళ్లిపోతుంది. చూరు బయటికి 3 అడుగులు రావాలి.

రేకు పైభాగానికి ప్రతి ఏడాది మార్చిలో తెల్లసున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గాని వేయించండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెకు రేకుల మీద తాటాకు లేదా వరిగడ్డి పరచడం ఇప్పటికీ బాగా పనిచేసే ఉపాయం. నిప్పురవ్వల విషయంలో మాత్రం జాగ్రత్త.

జల్లు ఏ వైపు నుంచి కొడుతుందో ఊరిని బట్టి ఉంటుంది. తెలంగాణలో నైరుతి వానలకు పడమర, దక్షిణాలు కాచుకోవాలి. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య వానలకు తూర్పు, ఉత్తరాలు. ఆ వైపులకు చుట్టి పైకి లేపే పరదాలు కట్టుకోండి, వాన ఆగగానే ఎత్తేయండి.

7. నీరు

పాలిచ్చే ఆవుకు రోజుకు 80 నుంచి 100 లీటర్లు. వేసవిలో ఇంకా ఎక్కువ. కడగడానికి ఆవుకు మరో 50 లీటర్లు వేసుకుంటే పదింటికి రోజుకు 1500 లీటర్లు. 2000 లీటర్ల ట్యాంకు పెడితే కరెంటు పోయిన రోజు గండం గడుస్తుంది.

ఆవు గుటక గుటక తాగదు, మూతి ముంచి ఒక్క ఊపున లాగుతుంది. నిమిషానికి 10 నుంచి 20 లీటర్ల దాకా తాగగలదు. అందుకే సన్నపైపుతో నిండే తాగు గిన్నెలు చాలామంది దగ్గర అలంకారంగా మిగిలాయి. గిన్నె పెడితే నిమిషానికి 10 లీటర్లయినా రావాలి. దానికంటే ఖాళీ స్థలంలో నీడన, ఫ్లోటు వాల్వుతో నిండే పెద్ద తొట్టి మేలు. అంగుళం పైపు వేయండి.

పైపును అడుగున్నర లోతున పాతండి. రేకుల మీదుగా తీసిన నల్లపైపులో మే నెల మధ్యాహ్నం వచ్చే నీళ్లు చేత్తో ముట్టుకుంటే చాలు, ఆవు ఎందుకు తాగడం లేదో అర్థమవుతుంది. ట్యాంకుకూ నీడ కావాలి.

పదిహేను రోజులకోసారి తొట్టి ఖాళీ చేసి, నాచు గీకి, సున్నం కొట్టి ఆరబెట్టండి.

8. ఎండ కాలానికి ఫ్యాన్లు, తుంపర్లు

ఈ పరికరాలు ఎప్పుడు ఆన్ చేయాలో గోడ గడియారం చెప్పదు, ఆవు డొక్క చెబుతుంది. డొక్క ఎగసిపడటం నిమిషం పాటు లెక్కపెట్టండి. 60 దాటితే అది ఎండకు ఇబ్బంది పడుతున్నట్టే. 80 దాటి, నోరు తెరిచి చొంగ కారుస్తుంటే వెంటనే తడపాలి.

36 అంగుళాల ఫ్యాన్లు రెండు, 44 అడుగుల వరుసకు సరిపోతాయి. 8 అడుగుల ఎత్తున, ఆవుల వీపు మీద గాలి పడేలా కిందికి వంచి, రెండూ ఒకే దిక్కుకు తిప్పి బిగించండి. ఎదురెదురుగా పెడితే మధ్యలో గాలి నిలిచిపోతుంది.

నీటి విషయంలో ఊరిని బట్టి పద్ధతి మారుతుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి వేడి ఉన్నచోట మంచులాంటి సన్నతుంపర్ల ఫాగర్లు గాలిని చల్లబరుస్తాయి. కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో అప్పటికే తేమ ఉంటుంది. అక్కడ ఫాగర్లు నడిపితే ఉక్క ఇంకా పెరుగుతుంది. కోస్తాలో పెద్ద చినుకుల స్ప్రింక్లర్లు పెట్టి, వెంట్రుకల కింద చర్మం తడిసేలా ఒకటి నుంచి మూడు నిమిషాలు తడిపి, ఆ తర్వాత 10 నుంచి 15 నిమిషాలు ఫ్యాను గాలితో ఆరనివ్వాలి. మళ్లీ తడపాలి. నీళ్లు పొదుగు మీదుగా కారేంత తడపవద్దు. పడుకునే చోట తడపనే వద్దు, మేత తొట్టి దగ్గర నిలబడినప్పుడే తడపండి.

9. కరెంటు: అదుపు తప్పితే ప్రాణం తీసేది

తడి నేల, ఇనుప పైపులు, నాలుగు కాళ్లూ నేల మీద. మనకు చిన్న జివ్వుమనే లీకేజీ ఆవుకు పెద్ద దెబ్బ. నీళ్ల తొట్టి దగ్గరకు వచ్చి, మూతి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంటుంటే ముందు అనుమానించవలసింది ఇదే.

☐ కొట్టానికి సొంత ఎర్తింగు గుంత, వేసవిలో దానికి నీళ్లు
☐ కరెంటు లీకయితే తనంతట తాను ఆగిపోయే ఆర్‌సీసీబీ స్విచ్చు
☐ పైపులు, స్తంభాలు, గొలుసు కొక్కేలు అన్నీ ఎర్తుకు కలపడం
☐ వైర్లన్నీ ఆవు నాలుక అందని ఎత్తులో, పైపుల్లో
☐ ఏటా వానలకు ముందు ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష

10. చాఫ్ కట్టర్

పది ఆవులకు రోజుకు 250 నుంచి 300 కిలోల పచ్చిమేత నరకాలి. సింగిల్ ఫేజ్ మీద నడిచే 2 హెచ్.పి. యంత్రం చాలు. ముక్క అంగుళం ఉండేలా చూసుకోండి. మరీ పొడిలా నరికితే నెమరు తగ్గుతుంది, వెన్న శాతం పడిపోతుంది.

కొనేటప్పుడు మేత తోసే గొట్టం మూరెడు పొడవైనా ఉందా, చేయి రోలర్లను తాకకుండా ఉందా, రివర్సు లివరు ఉందా చూడండి. ఇరుక్కున్న కాడను స్విచ్చు ఆపకుండా లాగబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ప్రతి మండలంలో ఉన్నారు. చీర కొంగు, తువాలు, చేతి గాజులు తీసి పని చేయాలి. పిల్లల చేతికి అందని గదిలో, తాళం వేసే స్విచ్చుతో పెట్టండి.

మేత బయటపడే చోట ఒక అయస్కాంతం బిగించండి. గడ్డిమోపుకు కట్టిన తీగ ముక్క, మేకు ఆవు కడుపులోకి వెళ్తే కడుపు గోడ గుచ్చుకుని గుండె దాకా పోవచ్చు.

11. పాలు పితికే యంత్రం

పై పనులన్నీ అయ్యాక దీని మాట. పది ఆవులకు బకెట్టు రకం చాలు. ఒక్క క్లస్టరుతో (నాలుగు చన్నులకు తగిలించే గొట్టాల జతతో) గంటకు ఎనిమిది నుంచి పది ఆవులు అవుతాయి.

కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి: లైనర్లు (చన్నును పట్టే లోపలి రబ్బరు తొడుగులు), రబ్బరు గొట్టాలు మీ జిల్లా కేంద్రంలో దొరుకుతాయా? మరమ్మతుకు ఎన్ని గంటల్లో వస్తారు? కరెంటు లేనప్పుడు నడిపే ఏర్పాటు ఏమిటి? చేతితో పితకడం మాత్రం ఇంట్లో ఒకరైనా మరవకూడదు.

బిగింపు సరిచూడటం. వ్యాక్యూమ్ (పాలు లాగే పీల్పు) చూపే గేజీ 42 నుంచి 45 కిలోపాస్కల్ మధ్య ఉండాలి. గేజీ మీద పాదరసం అంగుళాలుంటే 13 దగ్గర. పల్సేషన్, అంటే లైనరు పట్టి వదిలే లయ, నిమిషానికి 60. లైనరులో బొటనవేలు పెట్టి, మిగతా మూడింటినీ మూసి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. పట్టు, వదులు రెండూ వేలికి స్పష్టంగా తెలియాలి. పట్టేగాని వదులు లేకపోతే ఆ రోజు ఆవుకు పెట్టవద్దు.

ఆవుకు అలవాటు చేయడం. మూడు నాలుగు రోజులు యంత్రాన్ని పక్కన ఉత్తినే నడపండి, ఆ వేళ దాణా వేయండి. చప్పుడు అలవాటయ్యాక పొదుగుకు పెట్టండి. నెమ్మదైన ఆవుతో మొదలుపెట్టాలి, తొలిచూలు ఆవుతో కాదు.

పితికే వరుస. పొదుగువాపు లేని ఆవులు ముందు, చికిత్సలో ఉన్నవి చివర.

1. ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీసి చూడండి. పెచ్చులు, నీళ్లతనం, నెత్తుటి జీర ఉంటే ఆ ఆవుకు క్లస్టరు పెట్టవద్దు.
2. చన్నులను మాత్రమే కడగండి. పొదుగంతా తడిపితే మురికినీరు చన్నుల మీదుగా దిగి లైనరులోకి పోతుంది.
3. ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డతో పొడిగా తుడవండి. పది ఆవులకు పది గుడ్డలు, రోజూ ఉడకబెట్టి ఎండబెట్టాలి.
4. మొదటిసారి చన్ను తాకిన క్షణం నుంచి నిమిషం, నిమిషంన్నర లోపల క్లస్టరు పెట్టండి. ఆవు చేపిన పాలు దిగే ఊపు ఐదు నుంచి ఏడు నిమిషాలే. ఆ సమయంలో అరుపులు, కర్ర చప్పుడు ఉంటే చేపు ఆగిపోతుంది.
5. ధార సన్నబడగానే వ్యాక్యూమ్ ఆపి, గాలి లోపలికి పోయాక క్లస్టరు దానంతట వదులుతుంది. వ్యాక్యూమ్ ఉండగా లాగకూడదు.
6. వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి.
7. అరగంట పడుకోకుండా తాజా మేత వేయండి. పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ సమయం కావాలి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, చివరి చుక్క దాకా లాగాలని క్లస్టరు వదిలేసి వేరే పనికి పోవడం. క్లస్టరు తీయగానే చన్ను కొన చూడండి. గులాబీరంగులో మెత్తగా ఉంటే సరే. నీలిరంగు తిరిగి, కొన చుట్టూ తెల్లని గట్టి వలయం కడుతుంటే ఎక్కువసేపు ఉంచుతున్నారు, లేదా వ్యాక్యూమ్ ఎక్కువైంది.

కడగడం. మొదట గోరువెచ్చని నీళ్లు, మరిగినవి కాదు. వేడినీళ్లు ముందే పోస్తే పాలలోని మాంసకృత్తులు గొట్టం గోడకు ఉడికి అతుక్కుంటాయి. తర్వాత 60 నుంచి 70 డిగ్రీల వేడినీటిలో కడిగే పొడి కలిపి లాగించి, బ్రష్షుతో రుద్దండి. చివర చల్లని మంచినీళ్లు. వారానికోసారి ఆమ్లపు ద్రావణంతో కడిగితే పాల గార పట్టదు. గొట్టాలను వేలాడదీసి ఆరనివ్వండి.

లైనర్లు మార్చే లెక్క. రబ్బరు లైనరు 2500 పితుకుళ్లకు మించి వాడకూడదు. పది ఆవులు, రెండు పూటలు, ఒకే క్లస్టరు: రోజుకు 20. అంటే 125 రోజులు, నాలుగు నెలలు. పగుళ్లు కనిపించేదాకా ఆగవద్దు. మార్చిన తేదీ గోడ మీద రాయండి.

పితికిన పాలను వడగట్టి, డబ్బాను చల్లని నీటి తొట్టిలో మెడదాకా దించి, వీలైనంత తొందరగా పాల సేకరణ కేంద్రానికి చేర్చండి. అక్కడి బల్క్ కూలరులో (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకులో) పాలు 4 డిగ్రీలకు చేరేవరకు ప్రతి నిమిషం సూక్ష్మజీవులకు కలిసివచ్చేదే.

12. పేడ

పది ఆవులు రోజుకు 200 కిలోలకు పైగా వేస్తాయి. గోబర్ గ్యాసు ప్లాంటులో దాదాపు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. ఇంటి పొయ్యికి, పాత్రలు కడిగే వేడినీళ్లకు 4 ఘనపు మీటర్ల ప్లాంటు చాలు. మిగతాది కప్పు ఉన్న గుంతలోకి. కాలువ నీళ్లు నేరుగా నేపియర్ గడ్డి మడికి పారేలా చేస్తే మురుగు నిలవదు.

13. ఆవును చూసి కొట్టం తప్పు పట్టండి

- వెనుక మడమ కీలు మీద వెంట్రుకలు ఊడి, వాచి ఉంటే: నేల గట్టిగా ఉంది. చాప లేదా ఇసుక పరుపు వేయండి.
- ముందు కాళ్లు తొట్టిలో పెడుతుంటే: నిలబడే నేల చాలడం లేదు, లేదా మేత అందడం లేదు.
- తొడలు, పొదుగు వెనుక భాగం పేడతో అట్టకట్టి ఉంటే: నేల పొడవు ఎక్కువైంది. మెడపైపును 3, 4 అంగుళాలు వెనక్కి జరపండి.
- పగలు అన్నీ ఒకే మూల గుమిగూడితే: గాలి అక్కడే ఉంది, లేదా ఈగలు మిగతాచోట్ల ఎక్కువ.
- యంత్రం పెట్టగానే తన్నుతుంటే: కర్ర అందుకోకముందు వ్యాక్యూమ్, ఆ తర్వాత కరెంటు లీకేజీ చూడండి.

కొట్టంలోకి ఆవులను తోలిన మొదటి వారం, రాత్రి పది దాటాక చప్పుడు చేయకుండా టార్చి తీసుకుని వెళ్లండి. పదింటిలో ఏడెనిమిది పడుకుని నెమరు వేస్తుండాలి. సగానికి పైగా నిలబడే ఉంటే, మర్నాడు పొద్దున నాలుగో అంకె దగ్గరకు తిరిగి వెళ్లి, నేల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.